రోజూ బ్లూ స్క్రీన్, ఆట మధ్యలో దానంతటదే రీస్టార్ట్: ఎక్కడ మొదలుపెట్టాలి?

నీలాకాశం

డెస్క్‌టాప్ పీసీ రోజూ క్రాష్ అవుతోంది. ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు నాలుగు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విడిగా గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె), విండోస్ 11. బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు బ్లూ స్క్రీన్ వస్తుంది. ఒక్కోసారి ఒక్కో పేరు, చదివేలోపే రీస్టార్ట్ అయిపోతుంది. ఆటలు ఆడేటప్పుడు బ్లూ స్క్రీన్ కూడా రాదు, తెర నల్లబడి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది. విండోస్ మొత్తం తీసేసి కొత్తగా వేస్తే రెండు రోజులకే మళ్లీ అదే. ముందు ఏ పార్టు మార్చాలి?

మినీడంప్

ఇప్పుడే ఏ పార్టూ మార్చకండి. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు లక్షణాలు కనిపిస్తున్నాయి. రెండింటికీ కారణం ఒకటే అయ్యుండాలని లేదు.

బ్లూ స్క్రీన్ వచ్చిందంటే కెర్నల్ (విండోస్‌లో అన్నింటినీ నడిపే మూల భాగం) ఏదో తప్పు పసిగట్టి, ఇంకా ముందుకెళితే డేటా పాడవుతుందని తనంతట తాను ఆగిపోయిందన్నమాట. అప్పుడు ఒక కోడు, ఆ క్షణంలో మెమరీలో ఏముందో రాసిన ఒక డంప్ ఫైలు మిగులుతాయి. తెర నల్లబడి రీస్టార్ట్ అయితే ఆ రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదు. అక్కడ అనుమానం కరెంటు మీదికి, వేడి మీదికి, బోర్డు మీదికి వెళ్తుంది.

ముందు ఆధారాలు పోగేద్దాం.

స్టార్ట్ మెనూలో "అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" వెతికి తెరవండి. "స్టార్టప్ అండ్ రికవరీ" కింద సెట్టింగ్స్ నొక్కి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" టిక్కు తీసేయండి, ఇక బ్లూ స్క్రీన్ మీరు చదివేదాకా నిలబడుతుంది. అదే పెట్టెలో డంప్ రకాన్ని "స్మాల్ మెమరీ డంప్, 256 కేబీ" అని మార్చండి. పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కు మీద వాడే ఫైలు) ఎప్పుడైనా ఆపేసి ఉంటే తిరిగి ఆన్ చేయండి, డంప్ మొదట రాసేది అందులోనే.

తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్. "ఫిల్టర్ కరెంట్ లాగ్"లో 41, 1001, 6008 అని ఇవ్వండి. 41 అంటే పీసీ సరిగా షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ అయిందని. ఆ నంబరు ఈవెంట్ ఒక్కొక్కటీ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో "బగ్‌చెక్‌కోడ్" ఎదురుగా ఉన్న అంకె రాసుకోండి. అక్కడ దశాంశ పద్ధతిలో ఉంటుంది, బ్లూ స్క్రీన్ కోడ్లు మాత్రం హెక్సాడెసిమల్‌లో ఉంటాయి. ఈ తేడా తెలియక చాలామంది తప్పు కోడు వెతుక్కుంటారు.

పిక్సెల్

ఒక రిజిస్ట్రీ క్లీనర్, ఒక ఆటోమేటిక్ డ్రైవర్ అప్‌డేటర్ వేసి చూడండి, చాలావరకు తగ్గిపోతుంది.

మినీడంప్

పిక్సెల్ గారూ, ఈ రెండూ వద్దండీ. విండోస్ కొత్తగా వేసిన రెండు రోజులకే మళ్లీ మొదలైంది, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) చెత్త పేరుకునే సమయమే లేదు. పైగా రిజిస్ట్రీలో మిగిలిన పాత ఎంట్రీల వల్ల కెర్నల్ కూలదు. డ్రైవర్ అప్‌డేటర్లు మీ బోర్డుకు సరిపోని వెర్షన్ దించే ప్రమాదం ఉంది, అప్పుడు ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది. చిప్‌సెట్, నెట్‌వర్క్ డ్రైవర్లు బోర్డు తయారీదారు పేజీ నుంచి, గ్రాఫిక్స్ డ్రైవర్ ఆ చిప్ తయారీదారు పేజీ నుంచి దించుకుంటే చాలు.

డ్రైవర్ ఒక్కటి తప్పితే ఎంత నష్టమో 2024 జులై 19న అందరూ చూశారు. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక కంటెంట్ ఫైలును దాని కెర్నల్ డ్రైవర్ సరిగా చదవలేకపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు బ్లూ స్క్రీన్‌తో ఆగిపోయాయి. మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే అదొక్కటే మూసుకుపోతుంది. కెర్నల్‌లో నడిచేది తప్పు చేస్తే యంత్రమంతా ఆగిపోతుంది.

నీలాకాశం

చూశాను. పది రోజుల్లో 41 ఈవెంట్లు 11. బగ్‌చెక్‌కోడ్‌లు: 26 మూడు సార్లు, 10 రెండు సార్లు, 80 ఒకటి, 59 ఒకటి. మిగిలిన నాలుగింట్లో సున్నా. ఆ సున్నాలు నాలుగూ ఆట నడుస్తున్న సమయాలే. "పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్" అన్నింట్లోనూ సున్నాయే.

మినీడంప్

ఇప్పుడు దారి కనిపిస్తోంది. 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్. 10 అంటే ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. 80 అంటే పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. 59 అంటే సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్. ఇవన్నీ ర్యామ్ పాడైనా వస్తాయి, డ్రైవర్ చెడినా వస్తాయి. తేడా పట్టించేది వరుస. ఒకే డ్రైవర్ తప్పయితే సాధారణంగా అదే కోడు, డంప్‌లో అదే ఫైలు పేరు మళ్లీ మళ్లీ వస్తాయి. మీకు నాలుగు రకాల కోడ్లు వచ్చాయి, కొత్త విండోస్ మీద కూడా వచ్చాయి. ఇలా ఉంటే నా మొదటి అనుమానం ర్యామ్.

డంప్‌లు బ్లూస్క్రీన్‌వ్యూ అనే ప్రోగ్రామ్‌లో తెరిస్తే "ఎన్‌టీఓఎస్‌కెర్నల్" అని చూపిస్తుంది, దాన్ని దోషి అనుకోకండి. అది విండోస్ కెర్నలే, తప్పు బయటపడిన చోటు. మైక్రోసాఫ్ట్ వారి విన్‌డీబీజీలో డంప్ తెరిచి "అనలైజ్" ఆదేశం ఇస్తే స్టాక్‌లో (అప్పుడు నడుస్తున్న పనుల వరసలో) దాని ముందు ఏ ఫైలు ఉందో కనిపిస్తుంది. ప్రతి డంప్‌లోనూ వేరే వేరే పేర్లు కనిపిస్తే అది కూడా ర్యామ్ వైపే వేలు చూపిస్తుంది.

సున్నాలను పక్కన పెట్టండి. బటన్ ఎవరూ నొక్కలేదు, కోడు రాయలేదు. అది రెండో జబ్బు.

స్క్రూడ్రైవర్

ఒక ప్రశ్న. ఆ నాలుగు స్టిక్కులూ ఒకే ప్యాకెట్టులో వచ్చాయా? బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉందా?

నీలాకాశం

రెండు మొదటి నుంచీ ఉన్నవి, మిగతా రెండూ మూడు నెలల క్రితం చేర్చినవి. కంపెనీ వేరు, లేబుల్ మీద మాత్రం అన్నింటికీ వేగం 3200 అనే ఉంది. చేర్చాక రెండు నెలలు బాగానే నడిచాయి. పోయిన నెల ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను.

స్క్రూడ్రైవర్

అదిగో. ఎక్స్‌ఎంపీ అంటే ర్యామ్‌ను దాని మామూలు వేగం మీద కాకుండా ఓవర్‌క్లాక్ ప్రొఫైల్ మీద నడపడం. డీడీఆర్4 ప్రామాణిక వోల్టేజి 1.2. చాలా 3200 స్టిక్కులు ఆ వేగాన్ని 1.35 వోల్టుల దగ్గరే అందుకుంటాయి. లేబుల్ మీది అంకె ఆ ప్యాకెట్టులోని జతకు ఇచ్చిన హామీ. వేరే కంపెనీ జతతో కలిపి నాలుగు స్లాట్లలో నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌కు నాలుగు స్టిక్కులు రెండింటి కంటే బరువు. ప్రాసెసర్ కంపెనీలే ఈ తేడా ప్రకటిస్తాయి. ఉదాహరణకు రైజెన్ 3000 సిరీస్‌కు ఎఎండీ చెప్పిన అంకెలు: రెండు స్టిక్కులైతే 3200, నాలుగు సింగిల్ ర్యాంక్ (ఒకే చిప్‌ల గుంపు ఉన్న) స్టిక్కులైతే 2933, నాలుగు డ్యూయల్ ర్యాంక్ (రెండు గుంపులున్నవి) అయితే 2667. అంతకు మించి నడిస్తే అదృష్టం.

పరీక్ష ఇలా చేయండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ మీద రాసి దాంతోనే బూట్ చేయండి. విండోస్‌లోని మెమరీ డయాగ్నస్టిక్ పనికిరాదని కాదు, కానీ అది చాలా తప్పులు వదిలేస్తుంది. నాలుగు పాస్‌లూ పూర్తి కావాలి, 32 జీబీకి చాలా గంటలు పడుతుంది, రాత్రంతా వదిలేయండి. ఎర్రర్లు సున్నా ఉండాలి. ఒక్కటొచ్చినా ఫెయిలే, "ఒకటేగా" అని సర్దుకోకూడదు.

మూడు విడతలుగా చేయండి. ఇప్పుడున్నట్టే ఒకసారి. ఎక్స్‌ఎంపీ ఆపి నాలుగింటితో ఒకసారి. తర్వాత ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, ఒక్కో జతను విడిగా. జతను పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటు, నాలుగో స్లాటు. చాలా బోర్డుల్లో అవే సరైనవి, మాన్యువల్‌లో చూసి ఖాయం చేసుకోండి.

తీసేటప్పుడు వెనక స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నాకే చేయి లోపల పెట్టండి. స్టిక్కు తిరిగి పెట్టేటప్పుడు గాడి సరిపోయిందో లేదో చూసి, రెండు చివర్లా బొటనవేళ్లతో సమంగా నొక్కాలి. క్లిప్ దానంతటదే లేచి "టక్" మని పడాలి. కొన్ని బోర్డుల్లో ఒక వైపే క్లిప్ ఉంటుంది. అలాంటి వాటిలో క్లిప్ పడినా క్లిప్ లేని వైపు ఒక మిల్లీమీటరు పైకి లేచి ఉండిపోవచ్చు, అది సరిగా పడనట్టే. బంగారు రంగు అంచును పక్క నుంచి చూస్తే రెండు చివర్లా ఒకే ఎత్తులో లోపలికి దిగి ఉండాలి.

అక్షర_64

ఒక ముఖ్యమైన మాట చేర్చాలి. ర్యామ్ తప్పులు చేస్తున్నంత కాలం బ్యాకప్ జాగ్రత్త. ఫైలు కాపీ అవుతూ ర్యామ్ గుండానే వెళ్తుంది, అక్కడ ఒక బిట్ తిరగబడితే కాపీలో తప్పు చేరుతుంది, ఎవరూ చెప్పరు. కాబట్టి పాత బ్యాకప్ మీద కొత్తది రాయకండి, విడిగా ఉంచండి.

ఇదే కారణంతో, ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉండగా వేసిన ఆ కొత్త విండోస్‌ను కూడా నమ్మకండి. ర్యామ్ కుదురుకున్నాక అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు "డిజమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్", అది పూర్తయ్యాక "ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ" నడపండి (ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేయాలి). మొదటిది రిపేరుకు వాడే మూల ఫైళ్లను సరిచేస్తుంది, రెండోది వాటితో సిస్టమ్ ఫైళ్లను సరిచేస్తుంది. ర్యామ్ బాగుపడకముందే ఈ ఆదేశాలు నడిపితే తప్పు మీద తప్పు రాసినట్టవుతుంది.

నీలాకాశం

ఫలితాలు. ఇప్పుడున్నట్టే: మొదటి పాస్‌లోనే 38 ఎర్రర్లు. ఎక్స్‌ఎంపీ ఆపి నాలుగు స్టిక్కులు, 2400 దగ్గర: నాలుగు పాస్‌లు, సున్నా. పాత జత 3200: సున్నా. కొత్త జత 3200: సున్నా.

స్క్రూడ్రైవర్

అంటే ఏ స్టిక్కూ చెడిపోలేదు, కలయికే కుదరడం లేదు. వారంటీకి పంపినా "బాగానే ఉంది" అని తిరిగి వస్తాయి. ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే ఉంచి, ఫ్రీక్వెన్సీ మాత్రం చేత్తో 2933కు దించి మళ్లీ మెమ్‌టెస్ట్ పెట్టండి. అక్కడా ఎర్రర్ వస్తే 2666. మామూలు వాడకంలో 3200కూ 2666కూ తేడా మీకు తెలియనే తెలియదు, క్రాష్ మాత్రం తెలుస్తుంది. 3200 కావాలనే పట్టుదల ఉంటే 16 జీబీవి రెండున్న ఒకే కిట్ తీసుకోవడమే సరైన దారి.

వోల్టేజి పెంచి నిలబెట్టమని ఎవరైనా చెబుతారు. ఇంటి పీసీకి అది అవసరం లేదని నా అభిప్రాయం.

పవర్‌కార్డ్

రెండో జబ్బు సంగతి నేను చూస్తాను. ఆట మధ్యలో నల్లబడి రీస్టార్ట్, కోడు సున్నా. మూడు విషయాలు చెప్పండి. ఒకటి, రీస్టార్ట్ దానంతటదే అవుతుందా, లేక పూర్తిగా ఆగిపోయి వెనక స్విచ్ ఆపి వేస్తేనే ఆన్ అవుతుందా? రెండు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (సెన్సార్ల అంకెలు చూపే ప్రోగ్రామ్) ఆట ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలు ఎంత? మూడు, గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని పవర్ సాకెట్లు, వాటికి ఎస్‌ఎంపీఎస్ నుంచి ఎన్ని కేబుళ్లు వెళ్తున్నాయి?

నీలాకాశం

దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ప్రాసెసర్ 74, కార్డు 71, కార్డులో అన్నిటికంటే వేడి చోటు (హాట్‌స్పాట్) 84 డిగ్రీలు. కార్డుకు 8 పిన్ సాకెట్లు రెండు. కేబుల్ ఒకటే, దాని చివర రెండు కనెక్టర్లు ఉన్నాయి, రెండూ పెట్టాను.

పవర్‌కార్డ్

వేడి కాదు. ఇప్పటి ప్రాసెసర్లు 90 నుంచి 100 డిగ్రీల మధ్య తమ పరిమితికి చేరితే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ ఆగకపోతేనే కరెంటు కట్ చేస్తాయి. 74 దానికి చాలా దూరం.

ఆ కేబుల్ సంగతి చూడాలి. ఒక 8 పిన్ కనెక్టర్‌కు ప్రమాణం 150 వాట్లు, బోర్డు స్లాట్ నుంచి మరో 75. రెండు సాకెట్లున్న కార్డు కేబుళ్ల మీదే 300 వాట్ల దాకా లాగవచ్చు, అది సగటు మాట. ఆటలో దృశ్యం ఒక్కసారిగా మారినప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు అంతకు చాలా ఎక్కువ లాగుతుంది. ఆ కరెంటంతా ఒకే కేబుల్ తీగల్లో వెళితే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. రెండు సాకెట్లకు ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు విడి కేబుళ్లు వేయండి. మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ అయితే దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. వేరే మోడల్‌వి ప్లగ్‌లో పట్టినా పిన్నుల వరస వేరుగా ఉండి పార్టులు కాలిపోతాయి.

పాత కేబుల్ తీసినప్పుడు కనెక్టర్ ముఖం వెలుతురులో పెట్టి చూడండి. ఎనిమిది గళ్లలో ఏ ఒక్కదాని ప్లాస్టిక్కైనా గోధుమరంగుకు తిరిగినా, అంచు కరిగి గుండ్రంగా మారినా ఆ కేబుల్ మళ్లీ వాడొద్దు. కార్డు వైపు పిన్ను కూడా నల్లబడిందేమో చూడండి.

మీది "పడిపోయి లేచే" రకం కాబట్టి ఇంకో మాట. 12 వోల్టులు కిందికి జారితే ఎస్‌ఎంపీఎస్ "పవర్ గుడ్" సంకేతం తీసేస్తుంది, బోర్డు రీసెట్ అవుతుంది, సంకేతం తిరిగొస్తే మళ్లీ ఆన్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ రక్షణ వలయం పనిచేసి ఉంటే సాధారణంగా పూర్తిగా ఆగిపోతుంది, వెనక స్విచ్ ఆపి వేసేదాకా లేవదు. అందుకే ఆ మొదటి ప్రశ్న అడిగాను.

మల్టీమీటర్ ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చి ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో కొలవండి: నలుపుకూ పసుపుకూ మధ్య 12, నలుపుకూ ఎరుపుకూ మధ్య 5. ఆట నడుస్తుండగా 12 వోల్టులది 11.4కు తగ్గకూడదు, 12.6 దాటకూడదు. 5 వోల్టులది 4.75 నుంచి 5.25. మీటర్ చూపేది సగటు, మిల్లీసెకను కుంగుబాటు దాని కంటికి కనపడదు. అంకె బాగుందంటే ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అని కాదు, అంకె చెడితే మాత్రం ఖాయంగా దోషే. పేపర్ క్లిప్ పెట్టి ఫ్యాన్ తిరుగుతుందని చూపించే పరీక్ష లోడు మీద ఏమవుతుందో చెప్పదు.

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మాత్రం విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండవచ్చు.

రామచిలుక

మధ్యలో అడుగుతున్నాను, ఇదే కోవ. ల్యాప్‌టాప్‌లో మౌస్ కదులుతుంది కానీ ఏదీ తెరుచుకోదు. ఒకటి తర్వాత ఒకటి ప్రోగ్రాములు ఆగిపోయి, చివరికి "క్రిటికల్ ప్రాసెస్ డైడ్" అని వస్తుంది, శాతం సున్నా దగ్గరే ఉండిపోతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో ఏమీ లేదు.

అక్షర_64

రామచిలుక గారూ, అది ఎస్‌ఎస్‌డీ మాయమవుతున్న లక్షణం. డ్రైవ్‌కు బోర్డుతో లింకు తెగిపోతే ర్యామ్‌లో ఉన్నంతవరకే నడుస్తుంది, డిస్కు నుంచి చదవాల్సి రాగానే ఆగుతుంది. డంప్ రాయాలన్నా, లాగ్ రాయాలన్నా ఆ డ్రైవ్ మీదే కదా. ఏమీ లేకపోవడమే మీ ఆధారం. ఇంకో గుర్తు: ఆ వెంటనే రీస్టార్ట్ చేస్తే బూట్ డ్రైవ్ దొరకలేదంటుంది, పూర్తిగా ఆపి వేస్తే మళ్లీ కనిపిస్తుంది.

మొట్టమొదట బ్యాకప్. ఆ తర్వాత డ్రైవ్ తయారీదారు టూల్‌తో ఫర్మ్‌వేర్ అప్‌డేట్, ఎం.2 స్క్రూ విప్పి డ్రైవ్ తీసి మళ్లీ పెట్టడం, పవర్ ప్లాన్‌లో "పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్" ఆఫ్. లాగ్‌లో ఎప్పుడైనా 129, 153 నంబర్ల ఈవెంట్లు కనిపిస్తే అవి ఇదే కథ. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో "మీడియా ఎర్రర్స్", "అవైలబుల్ స్పేర్" చూడండి. సాటా డ్రైవ్ (కేబుల్‌తో తగిలించే రకం) ఉన్నవాళ్లు అదే పట్టికలో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడాలి, పెరుగుతుంటే డ్రైవ్ పోతున్నట్టే. 199 ఒక్కటే పెరిగితే కేబుల్ మార్చితే చాలు. పోతున్న డ్రైవ్ మీద "చెక్‌డిస్క్ /ఆర్" పెట్టకండి, గంటల తరబడి చదివించి ఉన్న కాస్త ప్రాణం తీస్తుంది. ముందు కాపీ.

పిక్సెల్

ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లకూ ఇలాంటి క్రాష్‌లు వచ్చాయి కదా, అది కూడా చూడాలా?

మినీడంప్

ఆ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఉన్నవాళ్లు తప్పకుండా చూడాలి. అవసరానికి మించిన వోల్టేజి అడగడం వల్ల కొన్ని చిప్‌లు కాలక్రమంలో అరిగిపోతున్నాయని ఇంటెల్ 2024లో తేల్చి, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్, బయాస్‌తో వస్తుంది) సవరణలు ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. కాబట్టి బయాస్ 2024 చివరి తర్వాతిది ఉండాలి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు. ఆటల్లో షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యేటప్పుడు "వీడియో మెమరీ చాలదు" అనడం, పెద్ద జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు తప్పులు రావడం దాని గుర్తులు. ప్రాసెసర్ మీద అనుమానం ఉంటే బగ్‌చెక్‌కోడ్ 292 వస్తుందేమో, సిస్టమ్ లాగ్‌లో హార్డ్‌వేర్ లోపాలు రాసే "వీయా-లాగర్" 18వ ఈవెంట్ ఉందేమో వెతకండి. నీలాకాశం గారికి రెండూ లేవు.

నీలాకాశం

రెండో కేబుల్ వేశాను. పాత కేబుల్‌లో ఒక గడి అంచు కాస్త గోధుమరంగుకు తిరిగింది, అది పక్కన పడేశాను. కార్డు వైపు పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి. మీటర్‌లో ఆట నడుస్తుండగా 12.02. ర్యామ్ 2933 దగ్గర మెమ్‌టెస్ట్‌లో రెండు ఎర్రర్లు వస్తే 2666కు దించాను, నాలుగు పాస్‌లు సున్నా. డిజమ్ రిపేర్ చేసింది, ఎస్‌ఎఫ్‌సీ పాడైన ఫైళ్లు సరిచేశానంది, రెండోసారి నడిపితే ఏమీ లేవంది. తొమ్మిది రోజులైంది, 41 ఒక్కటి కూడా లేదు. ఇక డ్రైవర్లను పరీక్షించే విండోస్ టూల్ డ్రైవర్ వెరిఫైయర్ నడపాలా?

మినీడంప్

వద్దు. డంప్‌లు ఏదైనా డ్రైవర్ మీద అనుమానం పుట్టిస్తేనే వెరిఫైయర్. అది కావాలనే డ్రైవర్లను ఒత్తిడి పెట్టి క్రాష్ చేయిస్తుంది, బూట్ కాకుండా ఇరుక్కుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి "వెరిఫైయర్ /రీసెట్" ఇవ్వాల్సి వస్తుంది.

స్క్రూడ్రైవర్

బయాస్‌లో ర్యామ్ పేజీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. బయాస్ అప్‌డేట్ చేసినా, సీఆర్2032 బ్యాటరీ మార్చినా సెట్టింగులు పోతాయి. అప్పుడు ఎవరైనా ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి వదిలేస్తే మళ్లీ 3200 దగ్గరికే వస్తారు. తిరిగి 2666 పెట్టాక ఒక రాత్రి మెమ్‌టెస్ట్ నడిపి, ఆ తర్వాతే వాడండి.